చిన్నోనికి ‘ఫిట్’ ఎవరిచ్చిండ్రు?

 

పోయిన వారం ఒక సీనియర్ అన్న పెద్ద పోస్టు పెట్టిండు. టెలిమెడిసిన్ అంటే ఆదివాసీ ఏరియాలకు డాక్టర్లను ఇయ్యకుండ తప్పించుకునే కొత్త ఉపాయమని, ఫోన్‌ల డాక్టరు మనకొద్దు, మనిషి డాక్టరు కావాలని రాసిండు. మస్తు మంది లైక్ కొట్టిండ్రు. నేను కూడ కొట్టిన. కొట్టినంక రాత్రి హాస్టల్ల పండుకొని ఆలోచిస్తే నాకే సిగ్గనిపించింది. ఎందుకంటే మా బాబాయి కొడుకు ఇయ్యాల మళ్ల బడికి పోతున్నడంటే దానికి కారణం ఫోన్‌ల మాట్లాడిన డాక్టరే. అన్నను తప్పు పట్టాలని రాస్తలేను. అన్న చెప్పిన దాంట్ల సగం నిజముంది. ఈ పోస్టు మిగతా సగం గురించి. పొడుగుంటది, ఓపిక చేసి చదవండి.

మాది తిర్యాణి మండలం, గోండులం. నాకు 20 ఏండ్లు. గోదావరిఖనిల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నేను చదివేది బీఏ, డాక్టర్ను కాదు. ఇక్కడ రాసే వైద్యం ముచ్చట్లన్నీ అడిగి, చదివి తెలుసుకున్నవి.

మావాణ్ని చిన్నోడు అని పిలుస్తం. అసలు పేరు రాయను, బడి పేరు కూడ రాయను. అప్పుడు ఆశ్రమ పాఠశాలల ఎనిమిదో తరగతి. దసరా సెలవులైపోయి బడికి పోయిన వారానికి సాయంత్రం కబడ్డీ ఆడుతున్నరు. చిన్నోడు కూతకు పోయిండు. ఇద్దరు కాళ్లు పట్టి గుంజితే ఎల్లెలుకల పడ్డడు. తల పోయి వాలీబాల్ పోల్ కింద ఉన్న సిమెంటు దిమ్మెకు తగిలింది. కొద్దిసేపు పలకలేదట. లేచినంక “ఎవరు గెలిచిండ్రు” అని అడిగిండు. చెప్పిండ్రు. మళ్ల అదే అడిగిండు. నాలుగైదు సార్లు అదే అడిగితే పిల్లలందరు నవ్విండ్రు. రక్తం లేదు, పెద్ద బుగ్గ కూడ రాలే.

సార్లు పట్టించుకోలేదని అనను. బండి మాట్లాడి దవాఖానకు తీస్కపోయిండ్రు, అక్కడి నుంచి పెద్దాస్పత్రికి పంపిండ్రు. తలకు సీటీ స్కాన్ తీసిండ్రు. నార్మల్. “ఏం లేదు, తీస్కపోండి” అన్నరు. ఒక చీటి ఇచ్చిండ్రు. దాని మీద నొప్పి గోలీ, వాంతుల గోలీ రాసున్నయ్. ఆడొచ్చా ఆడొద్దా, క్లాసుల కూసోవచ్చా లేదా, మళ్ల ఎప్పుడు చూపియ్యాలె, ఇవేవీ దాని మీద లేవు. అడగాల్నని మా బాబాయికి తెల్వదు. నార్మల్ అంటే నార్మలే అనుకున్నడు.

మూడో రోజు పొద్దుగాల ఐదింటికి విజిల్ కొట్టిండ్రు. పీటీ. మీకు తెలుసు గదా మన హాస్టళ్ల సంగతి, జ్వరం 102 ఉంటెనే లైన్ తప్పించుకోవచ్చు. చిన్నోడు రెండు రౌండ్లు ఉరికి కక్కిండు. తర్వాత స్టడీ అవర్. ట్యూబ్‌లైట్ కింద కూసుంటే కండ్లు మంటలు. డార్మెటరీల అరవై మంది లొల్లి. నిద్ర లేదు. క్లాసుల లెక్క సగం చేసి మరిచిపోతుండు. “మంచిగ ఉండె పిల్లగాడు, సెలవులకు పోయి వచ్చి బద్ధకం పట్టిండు” అన్నరు. ఇంకొకరు “నాటకాలు” అన్నరు. పదో రోజుకు ఎవ్వరికీ చెప్పకుండ బస్సెక్కి ఇంటికొచ్చిండు.

ఇంటికొచ్చిన రోజు ఊర్ల దండారి. మన గ్రూపుల గోండు పిల్లలకు దండారంటే ఏందో చెప్పనవసరం లేదు. పోయినేడు దాక గుస్సాడీల ఎంబడి తెల్లారే దాక తిరిగిన పిల్లగాడు, డోలు సప్పుడు వినంగనే రెండు చెవులు మూస్కొని ఇంటెనుక గోడకు ఆనుకొని కూసున్నడు. ఏడుస్తుండు. నేను దీపావళికి ఇంటికి పోయిన, కండ్లార చూసిన. మా చిన్నమ్మ గాలి సోకిందన్నది. ఊరి పెద్దమనిషి దగ్గర చూపించిండ్రు. నేను వాళ్లను ఎక్కిరియ్య. స్కాన్ తీసినోళ్లు ఏం లేదన్నరు, పిల్లగానికేమో ఏదో ఉన్నది. మరి ఆ తల్లి ఇంకేమనుకుంటది?

ఇప్పుడు కోల్‌బెల్ట్ ముచ్చట చెప్త. గోదావరిఖనిల ఏ చాయ్ హోటల్ కాడ కూసున్నా వినబడే మాట ‘ఫిట్’. సింగరేణి కార్మికునికి బాయిల దెబ్బ తగిలితే సిక్కుల ఉంటడు. కంపెనీ డాక్టరు చూసి ఫిట్ ఇయ్యంది మళ్ల డ్యూటీ ఎక్కనియ్యరు. ఇయ్యాల తేలికైనా రేపు బాయిల కండ్లు తిరిగి పడితే వాని ప్రాణమే కాదు, పక్కోని ప్రాణం కూడ పోతదని వాళ్లకు ఎరుక. దెబ్బ మానుడు వేరు, పనికి పనికొచ్చుడు వేరు అని నూరేండ్ల అనుభవం ఉన్న కంపెనీకి తెలుసు.

మరి చిన్నోనికి ఫిట్ ఎవరిచ్చిండ్రు? ఐదింటి విజిల్ ఇచ్చింది.

చిన్నోనికి అయిన దాన్ని కంకషన్ అంటరు. మెదడు అదిరిన దెబ్బ. పుర్రె పగలదు, లోపల రక్తం కారదు, అందుకే స్కాన్ల ఏం కనబడది. సీటీ తీసేది రక్తం గడ్డ కట్టిందా, ఎముక పగిలిందా అని చూసేటందుకు. అవి లేకుంటే నార్మల్ అంటరు, అది కరెక్టే. కాని నార్మల్ అంటే ఆపరేషన్ అక్కెర్లేదని అర్థం, పిల్లగాడు మంచిగైండని కాదు. మెదడు పని చేసే తీరు కొన్ని రోజులు తప్పుతది. తలనొప్పి, కండ్లు తిరుగుడు, వెలుతురు సప్పుడు పడకపోవుడు, మతిమరుపు, నిద్ర తప్పుడు, ఊకె కోపం, ఊకె ఏడుపు. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2018ల పిల్లల కోసమే ఒక మార్గదర్శకం తెచ్చింది. దాని లెక్క ప్రకారం పదిమంది పిల్లలల్ల ఏడెనిమిది మందికి ఒకటి నుంచి మూడు నెలల్ల తగ్గిపోతది. మిగిలిన ఇద్దరు ముగ్గురి సంగతి? వాళ్లను ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలె. మన దగ్గర వాళ్లకు పెట్టే పేరు డల్ స్టూడెంట్.

మంచిగ తగ్గే ఏడెనిమిది మందిల ఉన్నా ఆ నెల రోజులు చూసుకునే పద్ధతొకటి ఉంది. 2022 అక్టోబర్‌ల ఆమ్‌స్టర్‌డామ్‌ల ప్రపంచం నలుమూలల డాక్టర్లు కూసొని ఒక ఒప్పందానికొచ్చిండ్రు, 2023ల అచ్చయింది. మొదటి ఒకటి రెండు రోజులు పని తగ్గించుకోవాలె, మెల్లగ నడవొచ్చు. చీకటి గదిల వారాలు వారాలు పండబెట్టుడు కూడ తప్పే. తర్వాత మెల్లమెల్లగ చదువు పెంచాలె. చదువు పూర్తిగ పట్టుబడ్డంకనే ఆట. ఆటల కూడ ముందు నడక, తర్వాత ఉరుకుడు, ఒకరికొకరు తాకే ఆటలు అన్నిటికన్నా చివర, అదీ డాక్టరు సరే అన్నంకనే. తగ్గకముందే తలకు రెండో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం పోయిన కేసులున్నయ్. తక్కువే, కాని ఉన్నయ్. కబడ్డీ ఆడే బడిల ఆ మాట గోడ మీద రాసి పెట్టాలె.

ఇగ అసలు ముచ్చట. ఈ నెల రోజుల పనిల డాక్టరు చెయ్యేసి చూడాల్సింది చాలా తక్కువ. అడుగుడే ఎక్కువ. నిన్న తలనొప్పి పదికి ఎంత, ఇయ్యాల ఎంత? రాత్రి ఎన్నిసార్లు లేచినవ్? నెలల పేర్లు ఎనుకనుంచి చెప్పు. ఒక కాలి మడిమెకు ఇంకో కాలి వేళ్లు ఆనిచ్చి నిలబడు. ఎన్ని నిమిషాలు చదివితే నొప్పి లేస్తుంది? ఇవి తిర్యాణి నుంచి ఎనభై కిలోమీటర్లు బస్సుల కుదుపుకుంట తీస్కపోయి అడగాల్సిన ప్రశ్నలా? తలనొప్పి పిల్లగాణ్ని ఆ గుంతల రోడ్ల మీద తిప్పుడే ఒక శిక్ష. పైగా కూలి పోతది, బస్సు కిరాయి పోతది, ఓపీ లైన్ల పొద్దు పోతది. అందుకే ఒకసారి పోయినోళ్లు రెండోసారి పోరు. మా బాబాయి కూడ పోలేదు.

మరి చిన్నోడు ఎట్ల బాగుపడ్డడంటే, నాకు ఎంబీబీఎస్ చదివే మన సీనియర్ అక్క ఒకామె తెలుసు. దండారి తెల్లారి ఆమెకు ఫోన్ చేసిన. అక్క సొంతంగ ఏం చెప్పలే, నేనింకా డాక్టర్ను కాదు అన్నది. వాళ్ల సార్ను లైన్లకు తెచ్చింది. ఆయన మా చిన్నమ్మతోని, చిన్నోనితోని ఇరవై నిమిషాలు మాట్లాడిండు. సీటీ రిపోర్టు ఫోటో పంపమన్నడు. వారం రోజులు ఇంటికాడ్నే ఉంచుమన్నడు, సెల్‌ఫోన్ చేతికియ్యొద్దన్నడు, పొద్దున సాయంత్రం నడిపియ్యుమన్నడు. తర్వాత బడికి పంపి సగం పూట కూసోబెట్టాలె, పీటీ బంద్. ఎన్ని రోజులన్నది ఆదివారం ఆదివారం ఫోన్ చేసి మారుస్తుండె. నోట్‌బుక్కుల నొప్పి నంబర్లు నేనే రాయించిన. ఏడు, ఆరు, ఆరు, ఏడు, నాలుగు. సంక్రాంతికి సున్నా. వార్డెన్ సారుకు ఆ డాక్టరు సారే ఫోన్ చేసి చెప్పిండు. ఆ ఒక్క ఫోన్‌తోని నాటకాలు అన్నోళ్లు నోరు మూసుకున్నరు. నేను చెప్తే విన్నోళ్లు కాదు, మా బాబాయి చెప్తే అసలే విన్నోళ్లు కాదు.

ఇదంతా టెలిమెడిసిన్ అని నాకు అప్పుడు తెల్వదు. నాకు అక్క తెలుసు కాబట్టి అయ్యింది. అక్క తెల్వని పిల్లల సంగతి చెప్పండి అన్నా. మీ పోస్టు కింద లైక్ కొట్టిన నేను అడుగుతున్న.

అన్న చెప్పిన సగం నిజానికి వస్త. తలకు దెబ్బ తగిలిన మొదటి రోజు ఫోన్ కాదు, బండి కావాలె. ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి: మళ్ల మళ్ల వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, తలనొప్పి గంట గంటకు పెరిగినా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దగ ఒకటి చిన్నగ ఉన్నా, కాలు చెయ్యి పట్టు తప్పినా, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్ల లెక్క కారినా ఎవ్వర్నీ అడగొద్దు, 108 కొట్టి పెద్దాస్పత్రికి పోవాలె. ఆ రోజు వీడియో కాల్‌ల చూసి ఏం కాదన్న డాక్టరు ఎవరైనా ఉంటే వాణ్ని మనం అస్సలు ఒప్పుకోవద్దు. ఇంకోటి, ఆశ్రమ పాఠశాలల ఏఎన్‌ఎం ఉండాలె. ఫోన్ ఉన్నది గదా, ఏఎన్‌ఎం ఎందుకు అని పోస్టు ఖాళీ పెట్టుడు మోసమే. ఫోన్ ఈ పక్క పట్టుకునే మనిషి లేకుంటే ఆ పక్కన ఎయిమ్స్ డాక్టరున్నా లాభం లేదు. ఇక్కడి దాక అన్న, నేను ఒక్కటే.

కాని అన్నా, మనిషి డాక్టరు వచ్చే దాక ఫోన్ వద్దు అంటే నేను ఒప్పుకోను. మన తెలుగు నేల మీద టెలిమెడిసిన్ ఇయ్యాలది కాదు. 2000ల చిత్తూరు జిల్లా అరగొండల మొదలైంది. అపోలో ప్రతాప్ రెడ్డి సొంతూరు అది, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్‌కు వచ్చినప్పుడు దాన్ని ప్రారంభించిండు. పెద్దోళ్ల ఊరికి పాతికేండ్ల కింద వచ్చింది మన ఊరికి వచ్చేసరికి మోసం ఎట్లయితది? మోసమనేది ఫోన్‌ల ఉండదు, దాన్ని దేని బదులు ఇస్తున్నరన్న దాంట్ల ఉంటది.

అమెరికాల ఆరిజోనా రాష్ట్రం ఉన్నది. 2013ల అక్కడి మేయో క్లినిక్, నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల పక్కన కెమెరా ఉన్న రోబోను నిలబెట్టింది. ఆటగానికి తల దెబ్బ తగిలితే రెండొందల కిలోమీటర్ల పైన దూరంల ఉన్న న్యూరాలజీ డాక్టరు ఆ రోబో నుంచి చూసి ప్రశ్నలడిగెటోడు. గ్రౌండ్‌ల ఉన్న డాక్టరు తీర్పు, తెర మీది డాక్టరు తీర్పు దాదాపు ఒక్కటే వచ్చినయ్. గోదావరిఖని నుంచి హైదరాబాద్ కూడ దగ్గర దగ్గర అంతే దూరం. ఆ యూనివర్సిటీ ఊరికి పక్కనే నవాజో ఆదివాసీల భూములున్నయ్. రోబో మాత్రం ముందు ఫుట్‌బాల్ టీమ్‌కే వచ్చింది. ఎక్కడైనా అంతే అనుకుంట.

మనకు రోబోలు వద్దు. మామూలు కాల్ చాలు. 2020 మార్చి 25న, సరిగ్గ లాక్‌డౌన్ మొదలైన రోజు, కేంద్రం టెలిమెడిసిన్ రూల్స్ తెచ్చింది. దాంట్ల వీడియో ఒక్కటే కాదు, మాట కాల్ కూడ చెల్లుతది, మెసేజ్ కూడ చెల్లుతది. ఆరోగ్య కార్యకర్త పేషెంటు పక్కన కూసొని డాక్టరుతో మాట్లాడుడు కూడ చెల్లుతది. ఈ-సంజీవని 2019 నవంబర్‌లనే మొదలైంది, ఊరి సెంటర్ల నుంచి పెద్దాస్పత్రి డాక్టరుకు కలిపే పద్ధతే అది. అంటే మన ఊర్లల్ల 4జీ గుట్టెక్కితెనే వస్తదన్న సాకు ఇక్కడ నడవది. పైగా కంకషన్ పిల్లగానికి మొదటి రెండు రోజులు స్క్రీన్ ముట్టకపోవుడే మేలు. 2021ల అమెరికాల 125 మంది మీద ఒక పరీక్ష అచ్చయింది, అందరు 12 నుంచి 25 ఏండ్లోళ్లు. మొదటి 48 గంటలు స్క్రీన్ బంద్ పెట్టినోళ్లల్ల సగం మందికి మూడున్నర రోజుల్ల తగ్గితే, చూసినోళ్లకు ఎనిమిది రోజులు పట్టింది. కాబట్టి పిల్లగాణ్ని ట్యాబ్ ముందు కూసోబెట్టుడు కాదు, ఏఎన్‌ఎం చెవికి ఫోన్ పెట్టుకొని అడిగి రాసుకొనుడు.

ఆ రూల్స్‌లనే ఇంకో ముక్క ఉంది. చాలా మంది చూసి ఉండరు. మైనర్ పిల్లలైతే పక్కన పెద్ద మనిషి ఒకరు ఉండాలె, ఆ పెద్ద మనిషి ఎవరో డాక్టరు నిర్ధారణ చేసుకోవాలె. మంచి రూలే. కాని ఆలోచించండి, పట్నం పిల్లగానికి ఆ పెద్ద మనిషి అమ్మనో నాన్ననో. మన పిల్లగానికి? అమ్మానాన్న ఊర్ల, పత్తి చేన్ల. బడిల ఒకే ఫోన్, అది వార్డెన్ సారు జేబుల. పొద్దుగాల పీటీకి పంపింది ఎవరో, ఫోన్ ముందర పిల్లగాని పక్కన నిలబడేది కూడ వాళ్లే. వాళ్ల ముందర “సార్, నాకు ఉరుకుతే నొప్పి లేస్తుంది” అని ఎనిమిదో తరగతి పిల్లగాడు చెప్తడా? నేనైతే చెప్పకపోదును. అందుకే అమ్మో నాయనో కాన్ఫరెన్స్ కాల్‌ల ఉండాలె. ఇది రూల్స్‌కు అడ్డం కాదు, ఒక బటన్ ముచ్చట.

భాష సంగతి మరిచిపోతే ఈ పోస్టే దండగ. కంకషన్‌ను కనిపెట్టే ప్రశ్నలన్నీ మాటల మీద నడుస్తయ్. ఐదు పదాలు చెప్తరు, ఐదు నిమిషాలైనంక మళ్ల చెప్పమంటరు. అంకెలు ఎనుకకు చెప్పమంటరు. ఇంట్ల గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లగాణ్ని ఇంగ్లీషుల అడిగితే మతి తప్పిందని రాసుకుంటరు, లేకుంటే ఆదివాసీ పిల్లగాడు గదా, ముందు నుంచే ఇంతేమో అని వదిలేస్తరు. రెండూ ప్రమాదమే. చిన్నోడు ఫోన్‌ల ఆ సారు తెలుగుల అడిగితే “మంచిగున్న సార్” అన్నడు. మా చిన్నమ్మ గోండిల అడిగితే ఏడ్చిండు. ఆ నడుమ మాట అందించింది నేను. లైన్ల డాక్టరుతో పాటు మన భాష వచ్చిన మనిషి ఉండాలె, ఆ పని మనలాంటి కాలేజీ పిల్లలు చేయొచ్చు. ప్రతి తెగ నుంచి నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్ చదివేటోళ్లు ఈ గ్రూపుల ఎంత మంది లేరు?

ఒక మాట మనోళ్లకే. “అడవి పిల్లలు, గట్టిగుంటరు” అని బయటోళ్లంటే పొగడ్త అనుకొని మనం కూడ అదే పాట పాడుతం. మా బాబాయి కూడ అన్నడు, చెట్టు మీదికెళ్లి పడ్డా ఏం కాలే మాకు అని. ఏం కాలేదని ఎట్ల తెలుసు బాబాయ్, నువ్వు మూడో తరగతిల బడి బంద్ పెట్టినవ్, ఎందుకు బంద్ పెట్టినవో నీకు యాదికుందా అని అడిగిన. ఊకనే అన్నడు. ఆయనకు తలకు దెబ్బ తగిలి బడి మానిండని నేను అంటలేను. అసలు ఎవ్వరూ అడగలేదని అంటున్న.

పైసలు లేవని అంటరు. ఇది నేను లెక్క గట్టిన. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. 2015ల చట్టం మార్చి జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టిండ్రు. పాత లీజులైతే ఆ రాయల్టీల 30 శాతం వంతు దీనికి అదనంగ కట్టాలె. అంటే వంద రూపాయల బొగ్గు తీస్తే 4 రూపాయల 20 పైసలు. ఆ పైసలు మైనింగ్ దెబ్బ తిన్న ఏరియాల కోసమే, మొదటి గైడ్‌లైన్స్‌లనే కనీసం 60 శాతం తాగునీళ్లు, వైద్యం, చదువు లాంటి వాటికే పెట్టాలని రాసున్నది. మా తిర్యాణి మండలంల ఖైరిగూడ ఓపెన్‌కాస్ట్ నడుస్తుంది. బొగ్గు లారీల లెక్క ఏ టన్నుకు ఆ టన్ను కంపెనీ కంప్యూటర్ల ఉంటది. తలకు దెబ్బ తగిలిన పిల్లల లెక్క ఏ నోట్‌బుక్కుల ఉన్నది? ఏఎన్‌ఎంకు ఒక ఫోన్, ఒక రిజిస్టరు, వారానికొకసారి గంట సేపు డాక్టరు టైమ్. ఒక డంపర్ టైరు ఖర్చు కూడ కాదనుకుంట.

డాక్టర్లు ఎక్కడున్నరంటే, ఇప్పుడు దూరం కూడ లేరు. రామగుండం, మంచిర్యాల మెడికల్ కాలేజీల క్లాసులు 2022 నవంబర్ 15న హైదరాబాద్ ప్రగతి భవన్ నుంచి ఆన్‌లైన్లనే మొదలుపెట్టిండ్రు. ఆసిఫాబాద్ కాలేజీ 2023 సెప్టెంబర్ 15న అట్లనే. కాలేజీనే ఆన్‌లైన్ల తెరవొచ్చునంటే కాలేజీ డాక్టరు ఆన్‌లైన్ల ఒక పిల్లగాణ్ని అడగరాదా? రామగుండం కాలేజీకి సింగరేణి పేరే పెట్టిండ్రు. సింగరేణి పేరున్న కాలేజీ నుంచి సింగరేణి బొగ్గు తీసే ఊర్ల ఆశ్రమ పాఠశాలలకు వారానికి ఒక గంట అడుగుడు బిచ్చమేం కాదు.

మేం నలుగురం హాస్టల్ పిల్లలం కలిసి ఒక వినతిపత్రం రాస్తున్నం. సోమవారం ప్రజావాణిల పెద్దపల్లి కలెక్టరాఫీసుల ఒక కాపీ, ఉట్నూరు ఐటీడీఏ పీఓ సారుకు ఒక కాపీ. అడిగేది ఇంతే. తలకు దెబ్బ తగిలి దవాఖానకు పోయొచ్చిన ప్రతి హాస్టల్ పిల్లకు, పిల్లగానికి తెలుగుల రాసిన చీటి ఇయ్యాలె, ఆట ఎప్పుడు చదువు ఎప్పుడు అని. రెండో రోజు, వారానికి, రెండు వారాలకు, నెలకు ఏఎన్‌ఎం పక్కన ఉండి డాక్టరుతోని ఫోన్, తల్లిదండ్రులు లైన్ల, మన భాష మనిషి లైన్ల. ఆ డాక్టరు ఫిట్ ఇచ్చే దాక పీటీ లేదు, కబడ్డీ లేదు, పరీక్ష రాయలేకపోతే మళ్ల పెట్టాలె. ఏఎన్‌ఎం లేని బడుల ముందు ఏఎన్‌ఎంను ఇయ్యాలె, ఇది లేకుండ మిగతాదంతా వద్దు. అన్నా, ఈ చివరి లైన్ మీ పోస్టు చదివినంకనే చేర్చినం.

మీరు చేయాల్సింది: మీ బడిల, మీ హాస్టల్ల తలకు దెబ్బ తగిలి తర్వాత చదువు దెబ్బతిన్న పిల్లలు మీకు తెలిసినోళ్లుంటే నాకు ఇన్‌బాక్స్ చేయండి. పేరొద్దు, బడి పేరొద్దు. ఏ క్లాసు, ఎట్ల తగిలింది, ఎన్ని రోజులకు పీటీకి పంపిండ్రు, ఆ తర్వాత ఎవరైనా ఒక్కసారన్న అడిగిండ్రా, ఇంతే రాయండి. కాగితానికి జత చేస్తం. నర్సింగ్, ఎంబీబీఎస్ అక్కలు పైన నేను రాసిన దాంట్ల వైద్యం తప్పులుంటే మొహమాటం లేకుండ కామెంట్ల దిద్దండి. గోండి, కోయ, లంబాడీల ఆ ప్రశ్నలు రాసిచ్చేటోళ్లు ముందుకొస్తే చాలా సాయం.

డ్రాఫ్టు రేపు రాత్రి స్టడీ అవర్ అయినంక ఇక్కడ్నే పెడ్త. చిన్నోడు ఇప్పుడు తొమ్మిదిల ఉన్నడు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ సారి దండారికి సెలవు దొరుకుతదా అని అడిగిండు.